రాజధానిలో లాఠీ ఎవరిది, చీపురు ఎవరిది?

ప్రశ్న: సార్, 2025 ఆగస్టులో ట్రంప్ వాషింగ్టన్‌లో నేషనల్ గార్డ్‌ని దించి, సిటీ పోలీసుల్ని కూడా తన చేతిలోకి తీసుకున్నాడు కదా. అక్కడ జనం ఓట్లేసి గెలిపించుకున్న మేయర్ ఉంది. మరి ప్రెసిడెంట్‌కి అంత అధికారం ఎక్కడిది?

జవాబు: చట్టంలోనే ఉందండీ, ఎప్పట్నుంచో ఉంది, కాకపోతే పోలీసుల విషయంలో దాన్ని అంతకుముందు ఎవరూ వాడలేదు. వాషింగ్టన్ ఏ రాష్ట్రంలోనూ లేదు, దాని మీద పూర్తి పెత్తనం పార్లమెంటుది, అంటే కాంగ్రెస్‌ది అని రాజ్యాంగమే చెప్తుంది. అలా ఎందుకు రాసుకున్నారంటే 1783లో ఫిలడెల్ఫియాలో జీతాలు రాని సైనికులు తిరగబడి కాంగ్రెస్ కూర్చున్న బిల్డింగ్‌ని చుట్టుముట్టారు, కాపాడండి బాబూ అంటే పెన్సిల్వేనియా రాష్ట్రం వాళ్లు తమ దళాల్ని పంపలేదు, పాపం సభ్యులు ఊరొదిలి ప్రిన్స్‌టన్ వెళ్లిపోవాల్సొచ్చింది. ఇంకో రాష్ట్రం దయ మీద బతక్కూడదని అప్పుడే గట్టిగా అనుకున్నారు. ఆ భయం న్యాయమైందే అని నేనూ ఒప్పుకుంటా.

1870ల నుంచి దాదాపు వందేళ్లు ఆ ఊరిని పైనుంచి వేసిన కమిషనర్లే నడిపారు. 1973లో హోమ్ రూల్ (స్వపరిపాలన) చట్టం వచ్చాక గానీ జనం ఎన్నుకునే మేయర్, కౌన్సిల్ మళ్లీ రాలేదు. ఆ చట్టంలోనే సెక్షన్ 740 అని ఒకటుంది, అత్యవసర పరిస్థితి అని ప్రెసిడెంట్ అనుకుంటే ఫెడరల్ (అంటే సెంటర్) అవసరాల కోసం సిటీ పోలీసుల సేవలు ఇమ్మని మేయర్‌ని ఆదేశించొచ్చు, కాంగ్రెస్ పొడిగించకపోతే 30 రోజులే. ఆగస్టు 11న ట్రంప్ తీసింది ఆ సెక్షనే, అంతకుముందు ఏ ప్రెసిడెంటూ దాన్ని ముట్టుకోలేదు. మధ్యలో డ్రగ్స్ విభాగం హెడ్‌ని తెచ్చి ఎమర్జెన్సీ పోలీస్ కమిషనర్ అన్నారు, సిటీ కోర్టుకెక్కేసరికి వెనక్కి తగ్గి పాత చీఫ్‌నే ఉంచారు. సెప్టెంబర్‌లో గడువు అయిపోయింది, కాంగ్రెస్ పొడిగించలేదు. నేషనల్ గార్డ్ సంగతి వేరు, అది 30 రోజులతో ఆగలేదు, ఎందుకంటే రాష్ట్రాల్లో గార్డ్‌కి మామూలుగా గవర్నర్ బాస్, వాషింగ్టన్‌కి గవర్నరే లేడు కాబట్టి నేరుగా ప్రెసిడెంటే బాస్.

ప్రశ్న: సరే, చట్టం ఉందే అనుకుందాం. క్రైమ్ పెరిగితే సెంటర్ కలగజేసుకోవడంలో తప్పేముంది? మేయర్‌కి చేతకానప్పుడు ఎవరో ఒకరు చెయ్యాలిగా?

జవాబు: మంచి ప్రశ్న. ముందు లెక్క చూద్దాం. 2023లో ఆ ఊళ్లో 274 హత్యలు జరిగాయి, నిజంగానే భయంకరమైన ఏడాది. 2024కి 187కి దిగాయి. 2025 జనవరిలో హింసాత్మక నేరాలు 30 ఏళ్ల కనిష్టంలో ఉన్నాయని చెప్పింది మేయర్ కూడా కాదు, ఫెడరల్ న్యాయ శాఖ మనుషులే. అయితే తగ్గింది కాబట్టి బాధ లేదని కాదు, కుటుంబంలో మనిషి పోయినవాళ్లకి గ్రాఫ్ చూపిస్తే ఏం ఓదార్పు.

నా పేచీ ఇంకోచోట ఉంది. మేయర్‌కి చేతకాలేదు అంటున్నారు కదా, అసలు ఆవిడ చేతిలో ఏముందో చూడండి. ముప్పై ఏళ్ల మనిషి ఒకడు తుపాకీ చూపించి కారు లాక్కున్నాడనుకోండి. పట్టుకునేది సిటీ పోలీసు. అక్కడితో సిటీ పాత్ర దాదాపు అయిపోయినట్టే. కేసు పెట్టాలా వద్దా అనేది యూఎస్ అటార్నీ (సెంటర్ తరఫు ప్రాసిక్యూటర్) ఇష్టం, ఆ పోస్టులో మనిషిని పెట్టేది ప్రెసిడెంట్. విచారణ చేసే లోకల్ కోర్టు జడ్జిని కూడా ప్రెసిడెంటే నామినేట్ చేస్తాడు, కాంగ్రెస్ ఎగువ సభ అయిన సెనేట్ ఓకే అనాలి, సెనేట్‌కి తీరిక దొరక్క ఖాళీలు అలా పడుంటాయి, కేసులు పేరుకుంటాయి. శిక్ష పడితే ఫెడరల్ జైలు, అది ఎన్నో వందల మైళ్ల దూరంలో కూడా ఉండొచ్చు. బయటికొచ్చాక అతని మీద కన్నేసి ఉంచే ఆఫీసూ ఫెడరల్‌దే. ఇదంతా 1990ల్లో సిటీ దివాలా తీసే స్థితికి వచ్చినప్పుడు, 1997 చట్టంతో జైళ్లు, కోర్టుల ఖర్చు సెంటర్ నెత్తినేసుకుంటే వచ్చిన ఏర్పాటు (యూఎస్ అటార్నీ సంగతి, జడ్జిల నామినేషన్ సంగతి అంతకన్నా పాతవి లెండి). పిల్లల కేసులు మాత్రం ఎక్కువగా సిటీ ఎన్నుకున్న అటార్నీ జనరల్ చూస్తాడు. ఇప్పుడు చెప్పండి, ఈ గొలుసులో ఎక్కడో లింకు తెగి నేరస్తుడు మళ్లీ రోడ్డెక్కితే తిట్లు ఎవరికి? మేయర్‌కి. పెత్తనం ఒకరిది, తిట్లు ఇంకొకరికి.

డబ్బు సంగతి ఇంకా విచిత్రం. 2025 మార్చిలో కాంగ్రెస్ ఖర్చుల బిల్లు పాస్ చేస్తూ, ఎప్పుడూ రాసే ఒక లైను (సిటీ తన కొత్త బడ్జెట్ ప్రకారం ఖర్చు పెట్టుకోవచ్చనేది) రాయకపోవడంతో సిటీ తన బడ్జెట్‌ని ఏడాది మధ్యలో పాత ఏడాది లెవెల్‌కి తగ్గించుకోవాల్సిన పరిస్థితి వచ్చింది, దాదాపు 100 కోట్ల డాలర్ల కోత ముప్పు, అదీ ఎక్కువ భాగం సిటీ జనం కట్టిన పన్నుల సొమ్మే. సెనేట్ సరిచేసే బిల్లు పాస్ చేసింది, దిగువ సభ దాన్ని పట్టించుకోలేదు. మార్చిలో వాళ్ల సొంత డబ్బు వాళ్లని వాడుకోనివ్వక, ఆగస్టులో వచ్చి ఊరు పాడైపోయింది అంటే ఎలాగండీ.

ప్రశ్న: గార్డ్ సైనికులు పార్కుల్లో చెత్త ఏరుతున్న ఫోటోలు చూశాను. అది మంచిదేగా? మునిసిపాలిటీ చెయ్యనిది మిలిటరీ చేసింది.

జవాబు: ఫోటో బాగుంది, కాదనను. చెత్త ఏరారు, టైడల్ బేసిన్ అనే చెరువు దగ్గర చెర్రీ చెట్ల మొదళ్లలో పొట్టు పరిచారు. కానీ ఆ చెర్రీ చెట్లు, నేషనల్ మాల్ అనే పొడవాటి పచ్చిక మైదానం, వైట్‌హౌస్ ఎదురుగా ఉన్న లఫాయెట్ స్క్వేర్, ఇంకా రోడ్లు ఏటవాలుగా కలిసేచోట మిగిలే చిన్న చిన్న ముక్కోణపు పచ్చిక ముక్కలు చాలావరకు, ఇవన్నీ నేషనల్ పార్క్ సర్వీస్‌వి, అంటే సెంటర్‌వే. మీరు ఫుట్‌పాత్ మీద నడుస్తుంటే కాలి కింద గుంత సిటీది, పక్కనే ఎండిపోయిన ఫౌంటెన్ ఫెడరల్‌ది. ఏళ్ల తరబడి పార్క్ సర్వీస్‌కి మెయింటెనెన్స్ డబ్బు చాలక పనులు వాయిదా పడుతూ వచ్చాయి. కాబట్టి ఆ సైనికులు చాలావరకు శుభ్రం చేసింది సెంటర్ సొంత పెరడే. తోటమాలికి జీతం ఇవ్వకుండా సైనికుడి చేత ఆకులు ఊడిపించడం కంటే తోటమాలినే పెట్టుకుంటే చవక.

ప్రశ్న: మన ఢిల్లీలో కూడా పోలీసులు సెంటర్ చేతిలోనే కదా. తేడా ఏంటి?

జవాబు: తేడా ఏంటంటే అక్కడ 30 రోజులకి తీసుకున్నది ఇక్కడ పర్మనెంట్. 1991లో రాజ్యాంగ 69వ సవరణతో ఢిల్లీకి అసెంబ్లీ ఇచ్చారు గానీ పోలీసు, శాంతిభద్రతలు, భూమి, ఈ మూడూ 239ఏఏ అధికరణ కింద దాని చేతికి బయటే ఉంచారు. ఢిల్లీ పోలీస్ కేంద్ర హోం శాఖ కింద, భూములు డీడీఏ (సెంటర్ చేతిలోని ఢిల్లీ అభివృద్ధి సంస్థ) కింద, రాష్ట్రపతి భవన్, పార్లమెంటు ఉన్న 43 చదరపు కిలోమీటర్ల మేర ఎన్‌డీఎంసీ (న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిల్) కింద. అందుకే అక్కడ రోడ్లు అద్దంలా ఉంటాయి, బోర్డర్ దాటగానే రూపం మారిపోతుంది. వానొస్తే మునిగిన రోడ్డు మీద డ్రెయిన్ పీడబ్ల్యూడీదా (ప్రజాపనుల శాఖ), ఎంసీడీదా (ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్), డీడీఏదా అని తేలేలోపు నీళ్లు వాటంతటవే ఇంకిపోతాయి. అధికారుల పోస్టింగుల మీద కొట్లాట 2023 మేలో సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఢిల్లీ ప్రభుత్వం గెలిచింది, ఎనిమిది రోజులకే ఆర్డినెన్స్ వచ్చి ఆ గెలుపు కాస్తా పోయింది.

కాకపోతే ఒక్క విషయంలో ఢిల్లీ వాళ్లు నయం. పోలీసులు నచ్చకపోతే లోక్‌సభలోనే అడగడానికి ఏడుగురు ఎంపీలున్నారు. దాదాపు ఏడు లక్షల మంది ఉన్న వాషింగ్టన్‌కి దిగువ సభలో ఒక ప్రతినిధి ఉంటుంది, ఫైనల్ ఓటింగ్‌లో ఓటు ఉండదు. సెనేట్‌లో అదీ లేదు.

ప్రశ్న: వేరే దేశాల్లో?

జవాబు: పారిస్‌లో నెపోలియన్ కాలం నుంచి, అంటే 1800 నుంచి పోలీస్ ప్రిఫెక్ట్ సెంటర్ మనిషే, 1977 దాకా వందేళ్ల పైన మేయరే లేడు. లండన్ మెట్రోపాలిటన్ పోలీస్ 2000 దాకా హోం మంత్రి కింద ఉండేది. నాకు నచ్చింది ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా పద్ధతి, లోకల్ ప్రభుత్వం ఫెడరల్ పోలీసులతో అగ్రిమెంట్ రాసుకుని డబ్బిచ్చి సర్వీస్ తీసుకుంటుంది, పార్లమెంటు చుట్టుపక్కల ప్రాంతం, సరస్సు మాత్రం నేషనల్ క్యాపిటల్ అథారిటీ చూసుకుంటుంది. ఏది ఎవరిదో కాగితం మీద ఉంది.

ప్రశ్న: మరి వాషింగ్టన్‌ని రాష్ట్రం చేసేస్తే గొడవ వదిలిపోతుందిగా?

జవాబు: 2020లో, 2021లో దిగువ సభ ఆ బిల్లు పాస్ చేసింది, సెనేట్‌లో ఆగిపోయింది. వైట్‌హౌస్, క్యాపిటల్ (కాంగ్రెస్ భవనం), మాల్ వరకు చిన్న ఫెడరల్ జిల్లాగా ఉంచి మిగతాది రాష్ట్రం చెయ్యాలని ప్లాన్. అయితే 1961 నాటి 23వ సవరణ ప్రకారం ఆ జిల్లాకి ప్రెసిడెంట్ ఎన్నికలో మూడు ఎలక్టోరల్ ఓట్లున్నాయి, ఆ బుల్లి జిల్లాలో ఇక కాపురం ఉండేది ముఖ్యంగా ప్రెసిడెంట్ కుటుంబమే, అంటే మూడు ఓట్లూ వాళ్ల ఇంట్లోనే. అందుకే ఆ సవరణని రద్దు చేసే ఏర్పాటు కూడా బిల్లులోనే రాసుకున్నారు, దానికి మళ్లీ నాలుగింట మూడొంతుల రాష్ట్రాలు ఒప్పుకోవాలి.