అనంతపురంలో అద్దె ఇల్లు వెతుకుతున్న మేనకోడలికి

అమ్మాయీ,

చూసిన మూడు ఇళ్లలో ఏది పెద్దదో తేలడం లేదని రాశావు. ఒకరు రెండున్నర సెంట్లు అన్నారు, ఇంకొకరు 121 గజాలు అన్నారు, అపార్ట్‌మెంటువారు వంద చదరపు మీటర్లు అన్నారు. సెంటుకు 48.4 గజాలు, గజానికి తొమ్మిది చదరపు అడుగులు. అంటే మొదటి రెండూ ఒకటే, 1,089 అడుగులు. చదరపు మీటరుకు 10.76 అడుగులు కాబట్టి మూడోది 1,076. ఎవరైనా అంకణాల్లో చెబితే అంకణానికి ఎన్ని అడుగులో ముందు అడుగు. ఒకచోట 36, ఇంకోచోట 72.

అయినా మూడిళ్లూ సమానమనుకోకు. సెంట్లు, గజాలు స్థలానికి చెప్పేవి. మెట్లు, సందు, సంపు, ప్రహరీ పక్కన వదిలిన ఖాళీ అన్నీ అందులోనే ఉంటాయి. పై పోర్షనులో ఉండబోయే నీకు ఆ లెక్కతో ఏం పని? ఫ్లాటు లెక్కలోనూ లిఫ్టు, మెట్ల వాటా కలిపి ఉండవచ్చు. కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే నేల, ఎంతో అడుగు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం అందులో లోపలి అడ్డగోడలు కలుస్తాయి, బయటి గోడలు, బాల్కనీ కలవవు.

అన్నిటికన్నా నమ్మకమైనది నువ్వు స్వయంగా కొలిచిన నేల. మన వైపు చాలా ఇళ్లలో బేతంచెర్ల బండలు గానీ, కడప బండలు గానీ పరిచి ఉంటాయి. ఒక బండను టేపుతో కొలువు. అది రెండడుగుల చదరమైతే, అటు ఐదు, ఇటు ఆరు బండలున్న గది 120 చదరపు అడుగులు. గోడ వారగా కోసి వేసిన ముక్కలను మాత్రం విడిగా కొలవాలి. వాటిని నిండు బండలుగా లెక్కపెడితే గదికి లేనిపోని వెడల్పు వస్తుంది. టైల్సుకూ ఇదే పద్ధతి.

గదులన్నీ కూడి, అద్దెను ఆ మొత్తంతో భాగించు. 9,000 అద్దెకు 600 అడుగులు వస్తే అడుగుకు పదిహేను రూపాయలు. 10,000 అద్దెకు 800 అడుగులు వస్తే పన్నెండున్నరే. అద్దె ఎక్కువని నువ్వు వద్దనుకున్న ఇల్లే చవక కావచ్చు, తొందరపడి వదులుకోకు.

మీ అమ్మ ఇచ్చిన బీరువా వెడల్పు, మెట్ల మలుపు వెడల్పు కూడా చూసుకో. పెద్ద ఇల్లు దొరికినా బీరువా పైకి ఎక్కకపోతే కష్టం. ఒకవైపు అడుగులు, ఇంకోవైపు మీటర్లు ఉన్న టేపు కొను. కొలతలు గదివారీగా రాసి ఫోనులో పంపితే, ఆదివారంలోగా లెక్క చూసి చెబుతాను.

మీ మామయ్య,
కర్నూలు