ఇల్లు తాకట్టు పెట్టి అమ్మాయిని అమెరికా మ్యూజిక్ స్కూల్‌కు పంపాలా?

ప్రశ్న: మాది విజయనగరం. నాకు 48 ఏళ్ళు, మందుల షాపు నడుపుతున్నాను. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. ఖర్చులన్నీ పోను నెలకు 25 వేలు మిగులుతాయి. మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ పూర్తి చేస్తోంది. చిన్నప్పుడు ఇక్కడి సంగీత కళాశాలలో వయొలిన్ మొదలుపెట్టింది. ఐదేళ్ళుగా విశాఖలో ఒక మాస్టారి దగ్గర వెస్టర్న్ క్లాసికల్ నేర్చుకుంటూ లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళ గ్రేడ్ పరీక్షలు పాసవుతోంది. అమెరికాలో ఒక యూనివర్సిటీ కన్సర్వేటరీ (సంగీత విద్యాలయం) సీటిచ్చింది. ఏడాదికి ఫీజులు, ఖర్చులు కలిపి 54 వేల డాలర్లు. అందులో 14 వేలు స్కాలర్‌షిప్. కొత్తవలస వైపు మాకున్న 200 గజాల స్థలం అమ్మితే 40 లక్షలు వస్తాయి. ఎఫ్‌డీ 6 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 14 లక్షలు, పాప పేరున సుకన్య ఖాతాలో 10 లక్షలు ఉన్నాయి. ఇల్లు తాకట్టు పెడితే 80 లక్షల అప్పు ఇప్పిస్తామని కన్సల్టెన్సీ వాళ్ళు అంటున్నారు. బాబు ఎనిమిదో తరగతి. బంధువులంతా సంగీతానికి ఇంత డబ్బా అంటున్నారు. పాప మాత్రం పట్టు మీద ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు బంధువుల మాట పక్కన పెట్టండి. వాళ్ళ అబ్బాయి అదే అమెరికాలో కంప్యూటర్స్ చదవడానికి అంతే డబ్బు పోస్తే ఒక్కరూ నోరెత్తరు. 1919లో సంగీత కళాశాల పెట్టుకుని, ద్వారం వెంకటస్వామినాయుడు గారి లాంటి వయొలిన్ విద్వాంసుణ్ణి అందులో ఆచార్యుడిగా నిలుపుకున్న ఊరు మీది. ఘంటసాల గారు ఇంటింటా మధూకరం ఎత్తి అదే కళాశాలలో చదువుకున్నారు. ఆ ఊళ్ళో ఉంటూ సంగీతం కూడా ఒక చదువేనా అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పే పని మీకు లేదు. నా అభ్యంతరం సంగీతం మీద కాదు. ఈ ఆఫర్ మీద, ఈ అప్పు మీద.

మీరు జత చేసిన ఆఫర్ లెటర్ చదివాను. మొదటి పేరాలో అభినందనలు, రెండో పేరాలో స్కాలర్‌షిప్. అక్కడితో చాలామంది ఆగిపోతారు. దాని కింద చిన్న అక్షరాల్లో ప్రోగ్రాం పేరు 'బ్యాచిలర్ ఆఫ్ ఆర్ట్స్, మ్యూజిక్' అని ఉంది. పక్కనే, పెర్ఫార్మెన్స్ విభాగంలో ప్రవేశం రెండో ఏడాది చివర జరిగే పరీక్షను బట్టి ఉంటుందని రాశారు. పాప కోరుకుంటున్నది బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్ (బీఎం). ఈ రెంటికీ చాలా తేడా ఉంది. బీఎంలో మొత్తం చదువులో దాదాపు మూడింట రెండొంతులు సంగీతమే ఉంటుంది. బీఏలో అది మూడో వంతుకు అటూ ఇటూ, మిగతావి మామూలు సబ్జెక్టులు. బీఏ తక్కువదని కాదు. సంగీతంతో పాటు ఇంకో సబ్జెక్టు కూడా కావాలనుకునే పిల్లలకు అదే మంచిది. మీ అమ్మాయి రోజుకు ఐదు గంటలు సాధన చేస్తోందని రాశారు. ఆమె అడుగుతున్నది ఒకటి, వాళ్ళు ఇస్తున్నది ఇంకొకటి.

కన్సర్వేటరీలో మీ డబ్బు ఎక్కడికి పోతుందో కూడా తెలుసుకోండి. అక్కడి శిక్షణకు ప్రాణం వారానికి ఒకసారి గురువు ఎదుట ఒంటరిగా కూర్చునే ఆ గంట. దాని చుట్టూ ఒకే గురువు శిష్యులంతా కలిసే స్టూడియో క్లాసు, ఆర్కెస్ట్రా, నలుగురైదుగురు కలిసి వాయించే ఛాంబర్ మ్యూజిక్, థియరీ, స్వరజ్ఞానం క్లాసులు ఉంటాయి. సెమిస్టర్ చివర జ్యూరీ ముందు వాయించాలి. మూడో ఏడాది, నాలుగో ఏడాది సొంతంగా కచేరీ ఇవ్వాలి. ఇవన్నీ బాగుంటేనే అంత ఫీజుకు అర్థం. మీ లెటర్లో గురువు పేరే లేదు. పాప చేత యూనివర్సిటీకి మెయిల్ పెట్టించండి: నాకు పాఠం చెప్పేది ఎవరు, ప్రొఫెసరా లేక అక్కడ పీజీ చేస్తున్న విద్యార్థా? మొదటి ఏడాది నుంచే ఆర్కెస్ట్రాలో చోటుంటుందా? ఆ గురువు దగ్గర ఒక ట్రయల్ పాఠం ఆన్‌లైన్లో దొరుకుతుందా? చివరిది అడగడానికి మొహమాట పడొద్దు, ఆ రంగంలో అది మామూలే. జవాబు ఎన్ని రోజులకు వచ్చిందో, ఎలా రాశారో చూస్తేనే చాలా అర్థమవుతుంది.

ఇక లెక్క. డాలరు 90 రూపాయలు అనుకుందాం. స్కాలర్‌షిప్ పోను 40 వేల డాలర్లంటే ఏడాదికి 36 లక్షలు, నాలుగేళ్ళకు కోటీ 44 లక్షలు. స్థలం 40, ఎఫ్‌డీ, ఫండ్లు కలిపి 20, సుకన్య నుంచి 5, అప్పు 80 వేసి కన్సల్టెన్సీ వాళ్ళు కోటీ 45 చూపించారు. కాగితం మీద లక్ష మిగిలింది కూడా! కానీ అక్కడ ఫీజు ఏటా పెరుగుతుంది, ఇక్కడ రూపాయి తగ్గుతుంది. రెండూ కలిపి ఏడాదికి 7 శాతం వేసుకున్నా మొత్తం కోటీ 60 లక్షలకు చేరుతుంది. స్కాలర్‌షిప్ మాత్రం పెరగదు, అది 14 వేల దగ్గరే నిలబడుతుంది. పైగా జీపీఏ, అంటే మార్కుల సగటు, 3.0 కంటే తగ్గితే రద్దవుతుందని అదే లెటర్లో ఉంది. స్థలం 40 లక్షలకు అమ్మినా 40 చేతికి రావు. 2009లో 4 లక్షలకు కొన్నానన్నారు కాబట్టి లాభం మీద 12.5 శాతం చొప్పున నాలుగున్నర లక్షలు, ఆపైన సెస్ పోతాయి.

అప్పు సంగతి ఇంకా కష్టం. ఏటా 20 లక్షల చొప్పున 80 లక్షలు తీసుకుని, వడ్డీ 11 శాతం అనుకోండి. చదువు నాలుగేళ్ళు, ఆపైన ఒక ఏడాది కట్టనవసరం లేదని ఊరిస్తారు. కట్టకపోయినా వడ్డీ ఆగదు. ఐదేళ్ళయ్యేసరికి సాధారణ వడ్డీయే దాదాపు 31 లక్షలు చేరి బాకీ కోటీ 11 లక్షలవుతుంది. దాన్ని పదేళ్ళలో తీర్చాలంటే నెలకు లక్షా 52 వేల ఈఎంఐ. మీకు మిగిలేది 25 వేలు. అంటే అది పాప జీతం మీదే పడాలి.

పాపకు ఆ జీతం వచ్చే దారిని చూద్దాం. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదివినవాళ్ళకు డిగ్రీ తర్వాత ఓపీటీ అనే అనుమతి కింద 12 నెలలు పని చేసుకునే వీలుంటుంది. ఇంజినీరింగ్, కంప్యూటర్స్ వాళ్ళకు స్టెమ్ పేరుతో మరో 24 నెలలు పొడిగిస్తారు. వయొలిన్ పెర్ఫార్మెన్స్ ఆ జాబితాలోకి రాదు. పక్కింటి అబ్బాయికి మూడేళ్ళు దొరికిందంటే మీ అమ్మాయికి దొరికేది ఒక్క ఏడాదే. ఆ ఏడాదిలో ఆర్కెస్ట్రా ఆడిషన్లు ఇస్తూ, పిల్లలకు పాఠాలు చెబుతూ నెలకు 1,700 డాలర్ల ఈఎంఐ పంపాలి. ఇరవై రెండేళ్ళ పిల్ల నెత్తిన ఆ టెన్షన్ పెడితే వయొలిన్ మీద విల్లు ఎలా కదులుతుంది? కట్టలేని నెలలు రెండు మూడు వరుసగా వస్తే నోటీసు మీ ఇంటికే వస్తుంది. మీకు పెన్షన్ లేదు. ఆ ఇల్లే మీ పెన్షన్. ఇల్లు తాకట్టు పెట్టి ఈ ఆఫర్ తీసుకోవద్దన్నదే నా సలహా.

మరి పాప కోరిక ఏమవ్వాలి? దాని మీదే ఎక్కువ ఆలోచించాను.

ఇల్లు ముట్టుకోకుండా మీరు పెట్టగలిగింది ఎంత? స్థలం అమ్మి పన్ను పోను 35 లక్షలు, ఫండ్లలో సగం 7, సుకన్య నుంచి 5. మొత్తం 47. మిగతా ఫండ్లు, ఎఫ్‌డీ మీ అత్యవసరాలకు, బాబుకు. నాలుగేళ్ళకు పంచితే ఏటా పన్నెండు లక్షల దగ్గర, అంటే సుమారు 13 వేల డాలర్లు. ఈ అంకెను ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. ఏ యూనివర్సిటీ ఆఫర్ వచ్చినా స్కాలర్‌షిప్ పోగా మిగిలేది దీనికి లోబడాలి. ఇంటద్దె, తిండికే అంతకు మించి అవుతుంది కాబట్టి ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ అయ్యే చోటే మీకు పనికొస్తుంది. క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పని చేయొచ్చు, కొంత లోటు దానితో పూడుతుంది. దాన్ని ముందే లెక్కలో కలపొద్దు.

అలాంటి చోట్లు లేవా అంటే ఉన్నాయి, తక్కువే. ఫిలడెల్ఫియాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ 1928 నుంచి ఏ విద్యార్థి దగ్గరా ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు. సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, పోటీ ప్రపంచమంతటి నుంచి. అయినా దరఖాస్తు ఖర్చే కదా, ఒకసారి ప్రయత్నించనివ్వండి. యేల్ యూనివర్సిటీ మ్యూజిక్ స్కూల్ 2005లో వచ్చిన 10 కోట్ల డాలర్ల విరాళంతో అందరికీ ట్యూషన్ తీసేసింది, అయితే అది ప్రధానంగా మాస్టర్స్, ఆపై చదువులకు. జర్మనీలో చాలా ప్రభుత్వ మ్యూజిక్ స్కూళ్ళలో ట్యూషన్ ఉండదు. బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్ళు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. వీసాకు ఏడాది ఖర్చు ముందే ఖాతాలో చూపించాలి, జర్మన్ భాష రావాలి. మీ బడ్జెట్‌కు అమెరికా కంటే ఇదే దగ్గరగా కనిపిస్తోంది. పాపకు ఇప్పుడే భాష క్లాసు మొదలుపెట్టించినా నష్టం లేదు.

నా మొగ్గు మాత్రం డిగ్రీ ఇక్కడ, మాస్టర్స్ అక్కడ అనే దారి వైపు. పెద్ద యూనివర్సిటీల్లోని మ్యూజిక్ స్కూళ్ళు మాస్టర్స్ విద్యార్థులకు అసిస్టెంట్‌షిప్‌లు ఇస్తాయి. జూనియర్లకు పాఠం చెప్పడమో, ఆర్కెస్ట్రా పనులు చూడడమో చేస్తే ట్యూషన్ మాఫీ చేసి నెలనెలా కొంత చేతికిస్తారు. డిగ్రీ స్థాయిలో అలాంటిది చాలా అరుదు. బయటి దేశంలో మీ డబ్బు నాలుగేళ్ళు కరగడం బదులు రెండేళ్ళతో పోతుంది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మాస్టర్స్‌కు బ్యాచిలర్స్ డిగ్రీ తప్పనిసరి. చెన్నైలో ఏ.ఆర్. రహ్మాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీలో వెస్టర్న్ శిక్షణ దొరుకుతుంది, కానీ డిప్లొమా ఒక్కటే చేతిలో ఉంటే సరిపోదు. దానితో పాటు దూరవిద్యలో డిగ్రీ చేయాలి. లేదా విజయనగరంలోనే డిగ్రీలో చేరి, సాయంత్రాలు సంగీత కళాశాలలో డిప్లొమా కొనసాగిస్తూ, వారానికి రెండుసార్లు విశాఖ మాస్టారి దగ్గరకు వెళ్ళొచ్చు. వెస్టర్న్ థియరీ, సంగీత చరిత్ర కూడా విడిగా చదువుకోవాలి. లేకపోతే అక్కడ చేరేటప్పుడు స్థాయి చూసే ప్లేస్‌మెంట్ పరీక్షలో లోటు తేలి అదనపు కోర్సులు మీద పడతాయి. కర్ణాటక సంగీతాన్ని వదలొద్దని మాత్రం పాపకు నా మాటగా చెప్పండి. రెండు బాణీలూ వచ్చిన పిల్ల ఆడిషన్ గదిలో మిగతావాళ్ళలా ఉండదు.

ఈ దారికి నెలకు 40 వేలు, అంటే ఏటా 5 లక్షల లోపు పెట్టుకోండి. గురువు ఫీజు, హాస్టల్, ప్రయాణాలు, వేసవి శిబిరాలు అన్నీ అందులోనే. మీ నెల మిగులులోంచి 15 వేలు, ఎఫ్‌డీ, సుకన్య డబ్బు కలిపితే నాలుగేళ్ళకు 18 లక్షలు సర్దుబాటవుతాయి. సుకన్యలో గత ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగం మాత్రమే చదువుకు తీయనిస్తారు. అడ్మిషన్ కాగితం, ఫీజు రశీదు అడుగుతారు. ఏడాదికొకసారి చొప్పున ఐదేళ్ళ దాకా విడతలుగా కూడా తీసుకోవచ్చు. తక్కువ పడితే 4 లక్షల దాకా చదువు అప్పుకు బ్యాంకులు తాకట్టు అడగవు. పాప చేరేది కేంద్రం చదువు అప్పుల పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉన్న సంస్థ అయితే హామీ లేకుండానే అప్పు వస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల దాకా అప్పు మీద, కట్టనవసరం లేని కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. మీ రిటర్నుల్లో ఇద్దరి ఆదాయం ఎంత చూపించారో చూసుకోండి. స్థలం మాత్రం కదపొద్దు. అది మాస్టర్స్‌కు.

కొత్త వయొలిన్ 6 లక్షలకు చూశామని చివర్లో రాశారు. ఇప్పుడే వద్దు. గురువును వెంటబెట్టుకుని రెండున్నర, మూడు లక్షల్లో ఒకటి, దానికి తగిన మంచి విల్లు ఎంచుకోండి. విల్లు గురించి చాలామంది పట్టించుకోరు, నాదంలో సగం దాని చేతిలోనే ఉంటుంది. ఫండ్లలోంచి ఈ ఒక్క ఖర్చుకు తీయొచ్చు.

మే 1 లోపు 500 డాలర్లు డిపాజిట్ కట్టాలని లెటర్లో ఉంది. అది వెనక్కి రాదు. ముందు పైన చెప్పిన మెయిల్ పంపండి. దానిలోనే స్కాలర్‌షిప్ పెంచగలరా, ప్రవేశం ఏడాది వాయిదా వేయగలరా అని కూడా అడగండి. మ్యూజిక్ స్కూళ్ళు వాయిదాకు సాధారణంగా ఒప్పుకోవు, మళ్ళీ ఆడిషన్ ఇమ్మంటాయి. ఇవ్వనివ్వండి, వచ్చే ఏటికి పాప ఇంకా బాగా వాయిస్తుంది. కన్సల్టెన్సీ వాళ్ళు అడుగుతున్న లక్షన్నర ప్రాసెసింగ్ ఫీజు మాత్రం ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఇప్పటికే కొంత ఇచ్చి ఉంటే రశీదు, వాళ్ళతో చేసుకున్న ఒప్పందం కాపీ నాకు పంపండి, వెనక్కి రాబట్టే వీలుందేమో చూస్తాను.