పాత వీహెచ్‌ఎఫ్ సెట్‌లో రిసీవింగ్ పడిపోయి చిటపట వస్తుంటే ఎక్కడ వెతకాలి?

మీరు చెప్పినదాని ప్రకారం ఇది 1990ల నాటి, వాహనంలో పెట్టుకునే 2 మీటర్ల ఎఫ్‌ఎం హామ్ రేడియో సెట్. ట్రాన్స్‌మిట్ బాగానే ఉంది. దూరపు స్టేషన్లు రావడం మానేశాయి, దగ్గరి రిపీటర్‌లో (సంకేతాన్ని అందుకుని తిరిగి పంపే స్టేషన్‌లో) కూడా తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు శబ్దం, ఒక్కోసారి దానంతటదే కాసేపు బాగవుతోంది. కాయిల్ కోర్లు తిప్పి చూడమంటారా అని అడిగారు.

కోర్లు ముట్టుకోకండి. ఇన్నేళ్లు కదలని ఫెర్రైట్ కోర్‌కి ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే చిట్లిపోతుంది, అలాంటి కాయిల్ మళ్లీ దొరకదు. పైగా అలైన్‌మెంట్ (కాయిల్స్ ట్యూనింగ్) ఇలా వచ్చిపోతూ చెడదు. ఈ వచ్చిపోయే తీరు, ఈ చిటపట చూస్తే నాకు మొదటి అనుమానం 455 కిలోహెర్ట్జ్ సిరామిక్ ఫిల్టర్ మీదే, అంటే కావలసిన ఛానెల్‌ని మాత్రమే వడకట్టి పంపే చిన్న భాగం మీద. అయినా దాన్ని పీకే ముందు కొన్ని చూసుకోవాలి.

స్క్వెల్చ్ (సంకేతం లేనప్పుడు స్పీకర్‌ని మూసేసే కంట్రోల్) పూర్తిగా తెరవండి. స్పీకర్లో హిస్ నిండుగా వస్తే ఆడియో భాగం బాగున్నట్టే. హిస్సే నీరసంగా ఉంటే ఎక్స్‌టర్నల్ స్పీకర్ జాక్ లోపలి కాంటాక్ట్ నల్లబడి ఉండొచ్చు, ప్లగ్ పదిసార్లు పెట్టి తీస్తే తెలిసిపోతుంది. వాల్యూమ్ కంట్రోల్‌కీ అంతే, కాంటాక్ట్ క్లీనర్ చాలు. ట్రాన్స్‌మిట్ బాగుంది కాబట్టి యాంటెన్నా వైపు తప్పు లేదనుకోకండి. రిసీవర్‌కి వెళ్లే దారి రిలే రెండో కాంటాక్ట్ గుండానో పిన్ డయోడ్ (రిలే బదులు స్విచ్‌లా పనిచేసే డయోడ్) గుండానో వెళ్తుంది, అది విడిగా చెడిపోవచ్చు.

ఇప్పుడు సంకేతం ఎక్కడ ఆగుతోందో వెనక నుంచి ముందుకు, అంటే స్పీకర్ వైపు నుంచి యాంటెన్నా వైపుకు వెతకండి. సిగ్నల్ జనరేటర్ (పరీక్ష సంకేతం ఇచ్చే పరికరం) తగిలించే ముందు మైక్ ఊడదీసి పక్కన పెట్టండి. పొరపాటున పీటీటీ (మైక్ మీది ట్రాన్స్‌మిట్ బటన్) నొక్కితే జనరేటర్ కాలిపోతుంది. ఆ కాలపు సెట్లలో ఐఎఫ్ (వచ్చిన సంకేతాన్ని మార్చుకునే మధ్యస్థ ఫ్రీక్వెన్సీ) ఐసీ చాలావరకు ఎంసీ3357 లేదా ఎంసీ3361 తరహాదే. 16వ కాలు మిక్సర్ ఇన్‌పుట్, 3 మిక్సర్ అవుట్‌పుట్, 5 లిమిటర్ ఇన్‌పుట్, 9 ఆడియో, 4 సరఫరా. ఫిల్టర్ ఉండేది 3, 5 కాళ్ల మధ్యన. 10 నానోఫారడ్ కెపాసిటర్ గుండా 5వ కాలికి 455 కిలోహెర్ట్జ్ ఇచ్చి, హిస్ అణగడానికి ఎంత సంకేతం కావాలో రాసుకోండి. తర్వాత 16వ కాలికి మొదటి ఐఎఫ్ ఇవ్వండి. మధ్యలో మిక్సర్ పెంచుతుంది కాబట్టి ఇక్కడ బాగా తక్కువ సంకేతం సరిపోవాలి. అలా కాక ఎక్కువ కావాల్సి వస్తే తప్పు ఫిల్టర్‌లో ఉన్నట్టు, లేదా మొదటి ఐఎఫ్‌ని 455కి దించే రెండో ఆసిలేటర్‌లో. మొదటి ఐఎఫ్ 10.7 మెగాహెర్ట్జ్ అయితే ఆసిలేటర్ క్రిస్టల్ 10.245 ఉంటుంది, 21.4 అయితే 20.945. పక్కనే షార్ట్‌వేవ్ రిసీవర్ పెట్టి ఆ ఫ్రీక్వెన్సీలో క్యారియర్ వినబడుతోందో లేదో చూడండి. ప్రోబ్ నేరుగా ఆనిస్తే బలహీనమైన ఆసిలేటర్ ఆగిపోయి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

ఫిల్టర్ ఎందుకు చెడుతుందో తెలుసుకోవడం ముఖ్యం, లేకపోతే కొత్తదీ కొన్నాళ్లకు అలాగే పోతుంది. లోపల సిరామిక్ పలకల మీద వెండి పూత ఉంటుంది. ఐసీ 3వ కాలి మీద డీసీ ఉంటుంది, దాన్ని ఫిల్టర్‌కి నేరుగా కలిపిన సెట్లు చాలా ఉన్నాయి. ఏళ్ల తరబడి ఆ డీసీ, తేమ కలిసి వెండిని ఒక ఎలక్ట్రోడ్ నుంచి ఇంకోదాని వైపు పాకిస్తాయి. సన్నని లీకేజీ దారి ఏర్పడుతుంది, కాలుతుంది, మళ్లీ ఏర్పడుతుంది. మీకు వినబడే చిటపట అదే. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

సెట్ ఆన్‌లో ఉండగా ఫిల్టర్ కాళ్ల దగ్గర డీసీ కొలవండి. తర్వాత ఆఫ్ చేసి, ఫిల్టర్ ఊడదీసి ఇన్‌పుట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. బాగున్న ఫిల్టర్ ఓపెన్ చూపాలి. కిలోఓమ్‌లలో చూపినా, అంకె నిలకడగా లేకపోయినా అది పోయినట్టే.

కొత్తది తీసుకునేటప్పుడు 455 తర్వాతి అక్షరం చూడండి. మురాటా సీఎఫ్‌యూ వరసలో డి అంటే ±10 కిలోహెర్ట్జ్, ఇ ±7.5, ఎఫ్ ±6, జి ±4.5. 25 కిలోహెర్ట్జ్ ఛానెల్ సెట్‌కి ఇ సరిపోతుంది. అంతకన్నా ఇరుకైనది వేస్తే గట్టిగా మాట్లాడినప్పుడల్లా మాట చిట్లుతుంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. పాత బోర్డుల నుంచి పీకినవి మాత్రం వద్దు, వాటికీ ఇదే జబ్బు ఉండొచ్చు.

బిగించేటప్పుడు బోర్డు మీది రాగి ట్రాక్ కోసి, డీసీ కనిపించిన ప్రతి వైపూ 0.01 నుంచి 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ వరసలో పెట్టండి. 455 కిలోహెర్ట్జ్ దగ్గర 0.01 కి అడ్డు సుమారు 35 ఓమ్‌లే, 1.5-2 కిలోఓమ్‌ల ఫిల్టర్‌కి అదొక లెక్క కాదు. ఐఎఫ్ ట్రాన్సిస్టర్‌కి డీసీ ఫిల్టర్ వైపు నుంచే వెళ్లే సెట్‌లో మాత్రం ముందు సర్క్యూట్ చూసుకుని ఆ డీసీకి దారి విడిగా ఇవ్వాలి.

మూత తెరిచి ఉండగానే చిన్న ఎలక్ట్రోలిటిక్‌ల అడుగు చూడండి. చేపల వాసన, పచ్చబడ్డ టంకం కనిపిస్తే లీకైనట్టు. అవి తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు కడిగాకే కొత్తవి వేయండి.

ఇంత చేశాక యాంటెన్నా సాకెట్ దగ్గర కొలవండి. బాగున్న సెట్‌కి 12 డీబీ సినాడ్ (రొద, వక్రీకరణలతో పోలిస్తే మాట ఎంత స్పష్టమో చెప్పే కొలత) రావడానికి 0.2 మైక్రోవోల్ట్ అటూ ఇటూ, అంటే −121 డీబీఎం దగ్గర సరిపోవాలి. చిటపట పోయి రిసీవింగ్ నీరసం మాత్రం మిగిలితే అప్పుడు పిన్ డయోడ్, ముందున్న ఆర్‌ఎఫ్ ఫెట్ (యాంటెన్నా సంకేతాన్ని మొదట పెంచే ట్రాన్సిస్టర్) చూడండి. పిడుగుల కాలంలో ముందు పోయేవి అవే. ఐఎఫ్ ఐసీ 8వ కాలి దగ్గరి క్వాడ్రేచర్ కాయిల్‌ని (ఎఫ్‌ఎం నుంచి ఆడియో తీసేది) మాత్రం చివర్లో, ప్లాస్టిక్ పనిముట్టుతో, ఆడియో స్పష్టంగా వచ్చేంతవరకు కొద్దిగా తిప్పొచ్చు.