కామిక్స్ బెలూన్‌లో (పాత్రల మాటలు రాసే బుడగలో) వత్తులు విడిపోతుంటే ఇలా చేయండి

ఫోటోషాప్‌లో 'అమ్మ' అని కొడితే కింద వత్తు రాకుండా 'అమ్‌మ' అని విడిగా పడుతోందని కొందరు అడిగారు, తప్పు ఫాంట్‌ది కాదండీ, సెట్టింగ్‌ది. పారాగ్రాఫ్ ప్యానెల్ మూలనున్న మెనూలో వరల్డ్-రెడీ లేఅవుట్ పెట్టండి, పాత వెర్షన్ అయితే ముందు ప్రిఫరెన్సెస్‌లో టైప్‌కెళ్లి మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ సెలెక్ట్ చేసి కొత్త ఫైల్ తెరవాలి.

ఇంకోటి, లీడింగ్ (వరుసల మధ్య దూరం) ఆటోలో వదిలేయొద్దు, మనకి పైన గుడులు కింద వత్తులు ఉంటాయి కాబట్టి అవి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, ఫాంట్ సైజుకి ఒకటిన్నర రెట్లతో మొదలెట్టి చూసుకోండి. బెలూన్ కూడా కాస్త పెద్దదే గీయాలి మరి. డైలాగులకి మండలి, అరుపులకి రామభద్ర ఫాంట్ వాడండి, రెండూ యూనికోడే, ఫ్రీయే. ఫాక్స్ బోల్డ్ (ఫోటోషాపే అక్షరాల్ని కృత్రిమంగా లావు చేసే ఆప్షన్) మాత్రం వాడకండి, అక్షరాల్లో సందులు పూడిపోయి దరిద్రంగా ఉంటుంది.