కొర్రమీను కోసం

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

మూడు ఆదివారాలు కొల్లేట్లో గాలం వేస్తే తిలాపియాలు తప్ప ఒక్క కొర్రమీనూ పడలేదని, ఎర మార్చాలా అని అడిగావు. ఎర తప్పు కాదురా, చేపే తగ్గిపోయింది.

ఇప్పుడు తొలకరి. పల్లపు నీళ్లలో తుంగ పక్కన పళ్లెమంత మేర నాచు తొలగించి ఉంటే అది కొర్రమీను గూడు. కొద్దిరోజులకి ఎర్రటి పిల్లలు గుంపుగా చేరి గాలి కోసం పైకి లేస్తూ మునుగుతూ ఉంటాయి. అడుగునే తల్లీ తండ్రీ కాపలా. ఆ గుంపు మీద కప్పను ఆడిస్తే చేప కొట్టి తీరుతుంది. ఆకలికి కాదు, పిల్లల కోసం. నీ వయసులో నేను అలాగే ఓ పెద్ద చేపను లాగాను, ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు వెళ్తే అక్కడ ఒక్క పిల్లా లేదు. ఆ ఖాళీ నీళ్లు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి.

అందుకే ఎర్ర పిల్లలు కనబడితే గాలం చుట్టెయ్. అవి నల్లబడి చెదిరిపోయాకే వెయ్యి. జానెడున్నర లేనిదాన్ని తడి చేత్తో పట్టి వదిలెయ్. గాలం గొంతులోకి దిగితే లాగకు, దారం కోసెయ్. తిలాపియా పడితే మాత్రం మళ్లీ నీళ్లలో వదలకు, కూరకి తెచ్చుకో.

తప్పంతా గాలాలదే అనను. 1999లో కొల్లేటిని అభయారణ్యం చేశారు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించారు. మళ్లీ కొన్నిచోట్ల గట్లు లేచాయి. గట్టు పడితే ముందు పోయేది మోకాలి లోతు గడ్డి నీళ్లే. కొర్రమీను గుడ్లు పెట్టేది అక్కడే. బుడమేరు, తమ్మిలేరు ఎంత పొంగి వచ్చినా ఇక దానికి చోటేది?

సంఘం పెద్దలతో మాట్లాడు. దోమతెరలాంటి వలలూ, కరెంటు పెట్టి పట్టడమూ ఆపాలి. మన లంక పక్క గడ్డిలో ఈ రెండు నెలలూ ఎవరూ వల దించకూడదు. వలే బతుకైనవాళ్లకి అది కష్టమే, గదమాయించకు. ముందు నువ్వు పాటించు, తర్వాత అడుగు. దసరాకి వచ్చి నేనూ వాళ్లతో కూర్చుంటాను.

ఈలోగా ఎర్ర పిల్లలు ఎక్కడ కనబడ్డాయో తేదీతో సహా పుస్తకంలో రాసిపెట్టు. వచ్చాక ఇద్దరం పడవేసుకుని ఆ చోట్లన్నీ చూద్దాం.

మీ పెదనాన్న