తిట్టిన వాళ్ళలో ఒకడు సినిమా గురించి మాట్లాడాడు

తమ్ముడూ,

నీ మెసేజ్ రాత్రి పదకొండున్నరకి చూశా, అప్పుడే రిప్లై ఇద్దామనుకున్నా గానీ నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లన్నీ చదివాక ఫోన్లో రెండు ముక్కలు కొట్టి పంపెయ్యడం న్యాయం అనిపించలేదు, అందుకే పొద్దున్నే టీ పెట్టుకుని కూర్చుని రాస్తున్నా. కాస్త పెద్దగానే ఉంటది, ఓపిగ్గా చదువు.

"ఇంక రివ్యూలు రాయను అన్నా, నా వల్ల కాదు" అన్నావ్. ప్రభాస్ కల్కి 2898 ఏడీ 2024 జూన్ 27న రిలీజై మూడు వారాలైంది, నువ్వు రాసిన మొదటి పెద్ద సినిమా అదే, ఫస్టాఫ్ సాగింది, కాశీ పైన ఉన్నోళ్ళ నగరం కాంప్లెక్స్‌లో పాట అనవసరం, అశ్వత్థామగా అమితాబ్ లేకపోతే సినిమా నిలబడదు అని రాశావ్, దానికి ఇన్ని తిట్లు. మీ అమ్మగారిని తిట్టినవి చదువుతుంటే నాకే చెయ్యి వణికింది. వాటి సంగతి ముందే చెప్పేస్తా, వాటికి నువ్వు ఒక్క అక్షరం కూడా బదులు ఇవ్వక్కర్లేదు, బ్లాక్ చేసి పడెయ్. కానీ "నీ రూమ్ ఎక్కడో తెలుసు, వచ్చి కొడతా" అన్నవాడి మెసేజ్ మాత్రం డిలీట్ చెయ్యకు, దాచిపెట్టు, ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించు, మళ్ళీ వస్తే పోలీస్ స్టేషన్‌కి వెళ్దాం, నేనూ వస్తా. 2023 జూన్ 16న ఆదిపురుష్ మొదటి రోజు హైదరాబాద్‌లో ప్రసాద్స్ దగ్గర మైకు ముందు నిలబడి సినిమా నచ్చలేదని చెప్పినందుకు ఒకతన్ని పట్టుకుని కొట్టారు కదా, ఆ వీడియో అందరం చూశాం. టికెట్ కొనుక్కుని చూసినవాడు నచ్చలేదు అనడానికి కూడా భయపడాలా? అది చూసినప్పట్నించీ ఇలాంటి బెదిరింపుల్ని నేను తేలిగ్గా తీసుకోవట్లేదు, నువ్వూ తీసుకోకు.

సరే, ఇప్పుడు మిగతావి. నీకు అవన్నీ ఒకే గుంపులా కనపడుతున్నాయి, అందరూ కలిసి మీద పడ్డట్టు అనిపిస్తోంది, నాకు తెలుసు. కానీ నేను రెండుసార్లు చదివా, అందులో రకరకాల మనుషులున్నారు. "పేమెంట్ ఎంత ముట్టింది" అన్నవాళ్ళున్నారు, నువ్వు వేరే హీరో ఫ్యాన్ అని తేల్చేసినవాళ్ళున్నారు, వాళ్ళని వదిలెయ్. వెయ్యి కోట్లు వసూలైందన్న పోస్టర్ పెట్టి "ఇప్పుడేమంటావ్" అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు, నిర్మాతలు మొన్ననే ఆ పోస్టర్ వేశారు కాబట్టి వాళ్ళకి అది పండగ, ఉండనీ. ఎంతమంది చూశారు అన్నదానికి ఆ అంకె మంచి జవాబే, ఫస్టాఫ్ సాగిందా లేదా అన్నదానికి మాత్రం దాంతో సంబంధం లేదు. అలాగని "జనానికి టేస్ట్ లేదు" అని మాత్రం ఎప్పుడూ రాయకు తమ్ముడూ, నేను ఒకప్పుడు రాశాను, ఇప్పటికీ ఆ లైన్ గుర్తొస్తే బాధగా ఉంటది.

"తెలుగోడివై ఉండి తెలుగు సినిమాని తొక్కుతావా" అన్న మాట నీకు బాగా గుచ్చుకున్నట్టుంది, అది మూడుసార్లు రాశావ్. ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు కాబట్టి చెప్తా. 1991లో ఆదిత్య 369 వచ్చినప్పుడు నేను పదో క్లాసు, టైమ్ మెషీన్ ఎక్కి కృష్ణదేవరాయల కాలానికి వెళ్తుంటే హాల్లో మేమందరం సీట్ల మీద నిలబడ్డాం, బయటికొచ్చి నెలరోజులు అదే మాట్లాడుకున్నాం. ఆ తర్వాత ఇంత పెద్ద ఊహతో మన భాషలో వచ్చిన సైన్స్ ఫిక్షన్ కోసం 33 ఏళ్ళు చూశాం, ఆ సినిమా తీసిన సింగీతం శ్రీనివాసరావు గారే ఈ కల్కికి వెనకాల మెంటర్‌గా నిలబడ్డారు. మే 22న రామోజీ ఫిల్మ్ సిటీలో, సినిమాలో ప్రభాస్ వేసిన భైరవ నడిపే బుజ్జి కారుని చూపించిన రోజునుంచీ ఈ కుర్రాళ్ళు ఆ కారుతోనే బతుకుతున్నారు, టన్నుల బరువున్న బండిని నిజంగా తయారుచేయించి రోడ్డు మీద తిప్పారు, మనోళ్ళు చేశారు అన్న గర్వం అది. జూన్ 27న టికెట్ రేటు పెరిగినా సరే అని డబ్బులు పోగేసుకుని తెల్లారుజామున ఐదున్నర షోకి పోయి అరిచి గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చి ఫోన్ తీస్తే నీ రివ్యూ కనపడింది, అందులో మొదటి లైనే "హాలీవుడ్ సినిమాల కలగూరగంప". ఆ కోపంలో బూతులు తప్పే, బాధ మాత్రం నిజం. రివ్యూ రాసేవాడు ఆ బాధకి లొంగక్కర్లేదు, కానీ అది ఉందని తెలిసి రాయాలి.

ఇంకోటి, ఒక విషయంలో వాళ్ళ కోపం పూర్తిగా న్యాయం. చివర్లో కర్ణుడి సంగతి మొదటి రోజు మధ్యాహ్నమే రాసేశావ్. ఎందుకురా అలా? సాయంత్రం షోకి టికెట్ చేతిలో పెట్టుకున్నవాడు అది చదివితే ఏమైపోవాలి? దానికి సారీ చెప్పు, ఆలస్యమైనా సరే చెప్పు.

ఇప్పుడు అసలు మాటకి వస్తున్నా. నువ్వు పంపిన వాటిలో పదిహేడోది మళ్ళీ తెరిచి చూడు. పేరు పక్కన డార్లింగ్ ఫ్యాన్ అని పెట్టుకున్నాడు, మొదలుపెట్టడమే "నీకు కళ్ళు లేవా బ్రో" అని మొదలుపెట్టాడు, అందుకే నువ్వు ముందుకి చదివి ఉండవు. కిందికి చదివితే ఏమన్నాడంటే, కాంప్లెక్స్‌లో పాట స్పీడ్ బ్రేకర్ అన్నావ్ గానీ అంతసేపూ కాశీలో నీళ్ళు లేవు పచ్చదనం లేదు దుమ్ము తప్ప ఏం లేదు కదా, ఆ పాటలోనే కదా మొదటిసారి నీళ్ళూ చెట్లూ కనపడేది, అవన్నీ పైనున్న కాంప్లెక్స్ గుంజేసుకుందని అక్కడే కదా తెలిసేది, భైరవ ఎందుకు అక్కడికి పోవాలని యూనిట్ల కోసం, అంటే అక్కడి డబ్బు కోసం ఏ పనైనా చేస్తున్నాడో ఆ పాట లేకపోతే ఎలా అర్థమవుద్ది, అని రాశాడు. తమ్ముడూ, ఇది విమర్శ. బూతుతో మొదలైనా సరే ఇది నికార్సైన విమర్శ, మొదటి రోజు వచ్చిన రివ్యూల్లో ఈ మాట నాకెక్కడా కనపడలేదు, నేను రాసినదాంట్లో కూడా లేదు.

అతను చెప్పింది ఒప్పుకుని పాట బాగుందని రాయమనట్లేదు. ఆ విషయం చెప్పడానికి పాటే కావాలా, అదే పని ఒక చిన్న సీన్‌తో అయ్యేది కాదా అని నువ్వు అడగొచ్చు, నేనైతే అదే అడుగుతా. కానీ నువ్వు "పాట అనవసరం" అని రెండు ముక్కల్లో కొట్టేశావ్, ఏం చూశావో చెప్పలేదు, అసలు చూశావా? కోప్పడకు, అడగడానికి కారణం ఉంది.

నేను రాయడం మొదలుపెట్టిన రెండో ఏడు ఒక పెద్ద హీరో సినిమాకి రాశా, సెకండాఫ్‌లో హీరో మనసు మార్చుకోడానికి కారణం లేదని గట్టిగా ఏకిపారేశా. వారం తర్వాత ఆఫీసుకి ఒక పోస్ట్‌కార్డు వచ్చింది, నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు, కింద పేరు లేదు, "మీ అభిమాని కాదు, హీరోగారి అభిమాని" అని మాత్రం ఉంది. అందులో రాసింది ఇంతే: ఇంటర్వెల్ తర్వాత మొదటి పది నిమిషాల్లో హీరో చెల్లెలి ఉత్తరం చదివే సీన్ ఉందండీ, అప్పుడు మీరు హాల్లో లేరనుకుంటా. నిజమే తమ్ముడూ, నేను లేను, క్యాంటీన్ దగ్గర ఎవరో తెలిసినాయన కనపడితే మాట్లాడుతూ ఉండిపోయా. తర్వాతి వారం నా తప్పు ఒప్పుకుంటూ నాలుగు లైన్లు రాశా, ఎడిటర్‌కి ఇష్టం లేదు, బతిమాలి వేయించా. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది, ఆ రోజునుంచీ టైటిల్స్ నుంచి లైట్లు వేసేదాకా సీట్లోంచి లేచింది లేదు.

ఇలా వెనక్కి తగ్గితే పరువు పోద్దని భయపడతారు కొత్తవాళ్ళు. పరువు ఏం పోదు. 1968లో కుబ్రిక్ తీసిన 2001: ఎ స్పేస్ ఒడిస్సీ న్యూయార్క్‌లో వచ్చినప్పుడు చాలామంది పెద్ద పెద్ద విమర్శకులు బోరు అని తేల్చేశారు, రిలీజైన కొత్తల్లోనే కుబ్రిక్ తనే ఒక 19 నిమిషాలు కోసేశాడు, కానీ కుర్రాళ్ళు మాత్రం మళ్ళీ మళ్ళీ పోయి చూశారు. అప్పుడు న్యూస్‌డే పత్రికలో రాసే జోసెఫ్ గెల్మిస్ అనే ఆయన మొదట తిట్టి రాసి, మళ్ళీ చూసి, నేను మొదట సరిగ్గా చూడలేదు అని అదే పత్రికలో ఇంకో రివ్యూ రాశాడు. ఆయన్ని ఎవరూ బెదిరించలేదు, ఎవరూ డబ్బులివ్వలేదు, మళ్ళీ చూశాడు అంతే. కల్కి నీకు రెండోసారి కూడా నచ్చకపోవచ్చు, అప్పుడు అదే రాయి, ఇంకా గట్టిగా రాయి, కానీ ఈసారి ఆధారం చూపించి రాయి.

ఆధారం అంటే ఏంటో నేను చూసిన ఒక ముక్క చెప్తా. మా ఊళ్ళో సింగిల్ స్క్రీన్‌లో కింది క్లాసులో కూర్చున్నా, పక్క సీట్లో ఒక తాతగారు, ఆయన ఒళ్ళో మనవడు, ఆరేడేళ్ళుంటాయి. గుడిలోంచి అశ్వత్థామ లేచి నిలబడ్డాడు, ఆ ఎత్తుకి, నుదుటి మీద గాయానికి హాలంతా విజిల్స్, కాగితాలు ఎగురుతున్నాయి. తాతగారు పిల్లాడి చెవిలో "నిద్రపోతున్న పిల్లల్ని చంపాడ్రా ఇతను, కడుపులో ఉన్న బిడ్డ మీద కూడా బ్రహ్మాస్త్రం వేశాడు" అన్నారు. పిల్లాడు తెర వైపు చూసి, చుట్టూ చూసి, "మరి అందరూ ఎందుకు విజిలేస్తున్నారు తాతా?" అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే సినిమా అంతా ఆ ప్రశ్నలోనే ఉంది, ఒకప్పుడు గర్భంలో బిడ్డ మీద అస్త్రం వేసినవాడు ఆరువేల ఏళ్ళ తర్వాత ఇంకో తల్లి గర్భానికి కాపలా కాస్తున్నాడు. ఇది రాసి, దీని పక్కన భైరవ కామెడీ పెట్టి, చూడండి ఇక్కడ సినిమా బరువు ఎలా తేలిపోయిందో అని నేను రాస్తే ప్రభాస్ ఫ్యాన్‌కి కోపం వస్తుంది, రావాలి కూడా, కానీ అప్పుడు వాడు నాతో భైరవ గురించి వాదిస్తాడు, "భైరవ స్వార్థపరుడే అన్నా, అలా రాసిందే చివర్లో మారడానికి" అంటాడు. మా అమ్మ గురించి మాట్లాడడు. అందరూ మారతారని చెప్పట్లేదు, కొంతమందైనా సినిమా దగ్గర ఉంటారు. నువ్వు "విజువల్స్ హాలీవుడ్ స్థాయిలో ఉన్నాయి కానీ ఎమోషన్ మిస్సయింది" అని రాస్తే పట్టుకుని వాదించడానికి అందులో ఏముంది చెప్పు? సినిమా లేదు, నువ్వే ఉన్నావ్, అందుకే నీ మీద పడ్డారు.

రివ్యూ కింద పెట్టిన ఆ 2.75 రేటింగ్ కూడా తీసెయ్, నా మాట విను. పావు మార్కు ఎక్కడ తగ్గింది అని నిన్ను అడిగితే నీకే తెలీదు. జనం కింద అంకె చూసి పైన రాసింది వదిలేస్తారు, నువ్వు రాత్రంతా కూర్చుని రాసిన మాటలు వాళ్ళకి అక్కర్లేకుండా పోతాయి. నేను మానేసి పన్నెండేళ్ళైంది, మొదట్లో ఎడిటర్లతో గొడవైంది, తర్వాత వాళ్ళే అలవాటుపడిపోయారు.

తొందర గురించి కూడా ఒక మాట. కేరళ హైకోర్టులో సినిమా రివ్యూల మీద కేసు నడిచింది కదా, అందులో కోర్టుకి సాయంగా వేసిన అమికస్ క్యూరీ గారు 2024 మార్చిలో, రిలీజైన 48 గంటలదాకా వ్లాగర్లు రివ్యూలు పెట్టకుండా ఉంటే మంచిదని సూచించారు. రూల్ పెట్టి నోరు మూయించడం నాకు సుతరామూ ఇష్టం లేదు, టికెట్ కొన్నవాడికి బయటికొచ్చిన నిమిషంలోనే మాట్లాడే హక్కుంది. కానీ నువ్వు నీకోసం ఒక్క రాత్రి ఆగొచ్చు. అమెరికా ప్రీమియర్ల నుంచి టాక్ మనకి తెల్లారకముందే వచ్చేస్తుంది, ఆ పరుగులో నువ్వు ఎప్పటికీ ఫస్ట్ రావు, మూడు గంటల సినిమా చూసి గంటలో రాసేస్తే అందరూ రాసిన మాటలే రాస్తావ్. నిద్రపోయి లేచాక ఏ సీన్ ఇంకా కళ్ళముందు ఉందో దాంతో మొదలుపెట్టు.

రాయడం మానేస్తానన్న మాటకి నేనేం చెప్పను, అది నీ ఇష్టం. కానీ ఆ పదిహేడో కుర్రాడికి మాత్రం బాకీ ఉన్నావ్. ఆదివారం ఇటు వచ్చెయ్, మా ఊళ్ళో ఇంకా ఆడుతోంది, జనం పలచబడ్డారు కాబట్టి ఫస్ట్ షోకి టికెట్లు ఈజీగానే దొరుకుతాయి. మీ వదిన పులిహోర చేస్తానంది, తిని వెళ్దాం. కింది క్లాసులోనే కూర్చుందాం, పాట వచ్చినప్పుడు ఇద్దరం లేవకుండా చూద్దాం, ఇంటికొచ్చి అతనికి నువ్వే రిప్లై రాద్దువుగాని.

ఉంటా,
మీ అన్న