హల్క్ వచ్చాడా, వచ్చిందా?

సందేహం: అయ్యా, నాకు చిన్నప్పటి నుంచీ సూపర్ హీరో కామిక్స్ పిచ్చి. ఈమధ్య ఆ కథలను స్నేహితుల కోసం తెలుగులో రాస్తున్నాను. 'హల్క్ ట్యాంకును విసిరింది' అని రాస్తే ఒకడు పడీపడీ నవ్వాడు. సరే కదా అని ఇంకోచోట 'గ్రూట్ నవ్వాడు' అని రాస్తే, 'చెట్టు నవ్వాడు అంటారా ఎవరైనా?' అని ఇంకొకడు దెప్పాడు. గొడవెందుకని 'హల్క్ చేత ట్యాంకు విసిరివేయబడింది' అని మార్చాను. ఏది ఒప్పు? పనిలో పనిగా సూపర్ హీరోకు మంచి తెలుగు మాట కూడా చెప్పగలరు. — ఒక కామిక్స్ అభిమాని, ఖమ్మం

సమాధానం: ముందు ఆ మూడో వాక్యం కొట్టేయండి. ఏదైనా తేల్చుకోలేనప్పుడు 'బడు' చాటుకు పోవడం మనవాళ్లకు బాగా అలవాటైపోయింది. ప్రకటనల్లో నిర్ణయాలు 'తీసుకోబడతాయి', నిధులు 'విడుదల చేయబడతాయి'. తీసుకున్నది ఎవరో బయటపడకూడదు కాబట్టి అక్కడ దానికి ఒక ప్రయోజనమైనా ఉంది. హల్క్‌కు ఆ అవసరమేముంది? వాడు ట్యాంకు విసిరితే ఊరంతా చూస్తుంది.

'వాడు' అని నా నోటి నుంచి వచ్చేసింది, చూశారు కదా. ఎందుకొచ్చిందో చెబుతాను.

మహత్తు, అమహత్తు మీరు బళ్లో చదువుకున్నవే, మళ్లీ పాఠం చెప్పను. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడాలు కానివి మహత్తులన్నది చిన్నయసూరి లెక్క. ఆ లెక్కన గ్రూట్ చెట్టు, అమహత్తే. ఇంకో సూపర్ హీరో విజన్ యంత్రం, అదీ అమహత్తే. మీ రెండో మిత్రుడు సూత్రం తప్పలేదు. కానీ ఆ సూత్రం రాసిన సూరిగారే నీతిచంద్రికలో కథ మొదలుపెట్టగానే ఏం చేశారు? బూరుగు చెట్టు మీద నిద్రలేచిన కాకిని 'లఘుపతనకమను వాయసము' అన్నారు. కాస్త కిందికి వస్తే 'చిత్రగ్రీవుడను కపోతరాజు' అన్నారు. రెండూ పిట్టలే, రెండూ మాట్లాడతాయి. అయినా కాకికి 'ము', పావురానికి 'డు'. వ్యాకరణం రాసే చేయి వేరు, కథ రాసే చేయి వేరు.

వాడుకలోనూ అంతే. కోతి వస్తుంది, వానరుడు వస్తాడు. ఐరావతం ఇంద్రుడి వాహనమైనా దానికి 'డు' దక్కలేదు. ఆకాశంలో మండే గోళానికి మాత్రం సూర్యుడని పేరు పెట్టి 'ఉదయించాడు' అంటాం. అదే 'పొద్దు' అంటే 'పొడిచింది'. జటాయువు దగ్గరికొచ్చేసరికి హరికథ చెప్పేవాళ్లలోనే ఇద్దరు రెండు రకాలుగా చెబుతారు.

ఇక పోతన. మీ ప్రశ్నకు అసలు జవాబు ఆయన భాగవతం ఎనిమిదో స్కంధంలో, గజేంద్రమోక్షంలో ఉంది. అక్కడ ఆయన ఒక ఏనుగును మన కళ్లెదుటే మహత్తుగా మారుస్తాడు. మొసలి పట్టుకుంది, పోరు నడుస్తోంది, ఆడ ఏనుగులు ఒడ్డున నిలబడిపోయాయి:

మకరితోడ బోరు మాతంగవిభుని నొ
క్కరుని డించి పోవ గాళ్ళు రాక
కోరి చూచుచుండె గుంజరీయూథంబు
మగలు దగులు గారె మగువలకును

'ఒక్కరుని' అన్న మాట దగ్గర ఆగండి. 'ఒక్కదానిని' అనలేదు. గుంపులోంచి విడిపోయి, నీళ్లలో తన చావు తాను చస్తున్న ఆ ఏనుగు అక్కడ ఒక్కడు. ఒడ్డున ఉన్నవి మాత్రం ఇంకా 'యూథంబు', అంటే మంద. ఆ మందను కూడా ఆయన అక్కడే వదిలేయడు. నాలుగో పాదానికి వచ్చేసరికి అవి 'మగువలు' అయిపోయాయి, ఏనుగు వాళ్ల మగడైపోయాడు. ఆటవెలది అంత చిన్న పద్యంలో ఇంత పని జరిగింది. దీన్ని చదివి 'మగువలు' అన్నది ప్రాసకోసమో యతికోసమో వచ్చిందనేవాళ్లతో నాకు మాటల్లేవు.

తర్వాత ఏనుగు నోరు విప్పుతుంది. 'లావొక్కింతయు లేదు' అందరికీ నోటికి వచ్చిందే. అందరూ గబగబా దాటేసే మూడో పాదం చూడండి: 'నీవే తప్ప నితఃపరం బెఱుగ మన్నింపందగున్ దీనునిన్'. తన్ను తాను 'దీనుని' అని చెప్పుకుంటోంది. దీనుడు! అప్పటిదాకా కవి ఇచ్చిన మహత్తును ఇప్పుడు ఏనుగు తనంతట తనే తీసుకుంది. ఆ తర్వాత ఇక 'చెప్పుకుంటోంది' అనడానికి నాకే మనసు రావడం లేదు.

(ఆ పద్యం ఆఖర్లో 'రావే యీశ్వర, కావవే వరద' అని విష్ణువును పిలిచాడు కదా. 'చందమామ రావే' పాటలో మామను పట్టుకుని 'రావే' అంటారేమిటి, అది ఆడవాళ్లను పిలిచేది కదా అని అడిగేవారికి ఈ పాదమే సమాధానం. అది బతిమాలే 'వే'. ఇంకెవరూ దాని గురించి ఉత్తరం రాయకండి.)

ఒక ఆక్షేపణ వస్తుంది. గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు, అగస్త్యుడి శాపంతో ఏనుగయ్యాడు. లోపల మనిషి ఉన్నాడు కాబట్టి మహత్తు దక్కిందని. హల్క్ లోపల, అలా మారిపోయే శాస్త్రవేత్త బ్రూస్ బ్యానర్ ఉన్నాడు కాబట్టి 'వాడు' అనాలనే వాదమూ ఇలాంటిదే. చూడ్డానికి బాగుంది కానీ నిలవదు. ఆ మొసలి కూడా పూర్వం హూహూ అనే గంధర్వుడే. దేవలుడి శాపంతో మొసలయ్యాడు. అయినా 'కరి దిగుచు మకరి సరసికి' అంటూ పోరు నడిచినంతసేపూ అది మకరే. మొసలి చేత 'దీనుడను' అనిపించలేదు పోతన. కాబట్టి మహత్తు పూర్వజన్మలోనుంచి రాలేదు. ఎవరి బాధను కవి లోపలినుంచి చెప్పాడో వాళ్లకు వచ్చింది.

మరి పోతనకు లేని ఇబ్బంది మీకెందుకు వచ్చింది? మన క్రియల వల్ల. కావ్యభాషలో 'వచ్చెను' అంటే ఆయన వచ్చినా, ఆమె వచ్చినా, ఏనుగు వచ్చినా సరిపోయేది. కవి లింగం చెప్పదలుచుకుంటే 'ఒక్కరుని', 'దీనునిన్' లాంటి మాటల్లో చెప్పేవాడు, వద్దనుకుంటే ఊరుకునేవాడు. ఇప్పుడు 'వచ్చాడు', 'వచ్చిండు', 'వచ్చింది' — ప్రతి వాక్యం చివరా తీర్పు చెప్పక తప్పదు. అందుకే అనువాదకులకు టెన్షన్.

ఇక హల్క్ సంగతి. 1962 మేలో స్టాన్ లీ, జాక్ కర్బీ వాణ్ని తెచ్చినప్పుడు బూడిద రంగులో ఉండేవాడు. ఆ రంగు అచ్చులో పేజీకో రకంగా పడుతోందని రెండో సంచికకే పచ్చగా మార్చారు. రంగే నిలకడగా లేనివాడికి మహత్తు నిలకడగా ఉండాలంటే ఎలా? 'హల్క్ స్మాష్' అని తన పేరు తానే చెప్పుకుంటాడు. ఇంగ్లీషులో ఆ రెండు మాటలతో సరిపోయింది. తెలుగులో 'హల్క్ బద్దలుకొడతాడు' అంటే మహత్తు, 'కొడుతుంది' అంటే అమహత్తు, 'హల్క్ బద్దలు!' అని తప్పుకుంటే మరీ తెలివి. నన్నడిగితే హల్క్ నోట 'కొడతాడు' అనే పెట్టండి. గజేంద్రుడు తన్ను తాను ఎలా పిలుచుకున్నాడో ఇక్కడా అదే దారి. కానీ ట్యాంకు మీద కూర్చున్న సైనికుడు భయంతో 'అదిగో, వస్తోంది!' అని అరిస్తే దాన్ని దిద్దకండి. వాడికి కనబడింది అదే. మీరు రాసిన 'విసిరింది' ఎవరి కళ్లతో చూసి రాశారన్నదాన్ని బట్టి ఒప్పూ కావచ్చు, తప్పూ కావచ్చు.

ఫెంటాస్టిక్ ఫోర్ అనే సూపర్ హీరోల జట్టులోని బెన్ గ్రిమ్‌ది ఇంకా పెద్ద చిక్కు. ఒళ్లంతా బండరాళ్లు, పేరు థింగ్, అంటే వస్తువు! జడమని పేరులోనే రాసిపెట్టేశారు. అతణ్ని ప్రేమించిన అలీసియా మాస్టర్స్ చూపులేని శిల్పి, చేతులతో తడిమి మనిషిని గుర్తుపట్టే మనిషి. ఆవిడ 'అది' అంటుందా? 'మగలు దగులు గారె మగువలకును'.

గ్రూట్ నోట వచ్చే ముక్క ఒక్కటే: 'నేను గ్రూట్‌ని'. ఉత్తమ పురుషకు లింగం లేదు కాబట్టి అది మనకేమీ సాయపడదు. కానీ 2014లో వచ్చిన 'గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ' సినిమా చివర్లో, కూలిపోతున్న ఓడలో తోటివాళ్లందరినీ కొమ్మలతో చుట్టేసి ఒక్కసారి బహువచనంలో మాట్లాడతాడు. దాన్ని తెలుగులో పెట్టాల్సి వస్తే 'మేం గ్రూట్' అంటే పాడైపోతుంది. 'మనం' అనాలి. ఎదుటివాళ్లను కలుపుకునే 'మనం', కలుపుకోని 'మేం' వేరువేరుగా ఉన్న భాష మనది. ఇంగ్లీషువాడికి ఆ ఒక్క మాటే దిక్కు. ఈమధ్య 'మనం'కూ 'మేం'కూ తేడా తెలియకుండా రాసేవాళ్లు ఎక్కువయ్యారు, 'మనం మీకు ఫోన్ చేస్తాం' అంటున్నారు. చెట్టుకున్న పాటి తెలివిడి లేకపోతే ఎలా? మనల్ని కలుపుకుని 'మనం' అన్నదాన్ని నేను 'అది' అనలేను. మీ రెండో మిత్రుడికి ఈ సంగతి చెప్పండి, ఒప్పుకోకపోతే వదిలేయండి.

స్వాంప్ థింగ్ మాత్రం నిజంగా కష్టం. చిత్తడిలో పడి మొక్కగా మారిన మనిషని ఏళ్ల తరబడి అనుకున్నాక, 1984లో కథ తిప్పేశారు. మనిషి ఎప్పుడో చచ్చిపోయాడు, ఇది తాను మనిషిననుకున్న మొక్క మాత్రమేనట. అప్పటిదాకా 'అతడు' అని రాసుకుంటూ వచ్చిన తెలుగువాడు ఆ సంచికలో ఏం చేయాలి? చందమామలో 'శవంలోని బేతాళుడు' అని రాసినాయనకు ఈ బాధ లేదు. శవాన్ని అమహత్తుగా భుజాన వేయించి, బేతాళుణ్ని మహత్తుగా మాట్లాడించి, చివర్లో 'శవంతో సహా' చెట్టెక్కించేవాడు. స్వాంప్ థింగ్‌లో శవమూ బేతాళుడూ ఒకటే. నేనైతే ఆ ఒక్క సంచికా 'అది' అని రాసి, తర్వాత మళ్లీ 'అతడు'కే వస్తాను. మీరు వేరుగా చేస్తే తప్పు పట్టను.

పెంపుడు కుక్కలకు 'మా టామీ అన్నం తినలేదు, అలిగాడు' అనే వాడుక సంగతి వేరే చెప్పాలి. ప్రేమ ఉండొచ్చు, పోతన అంత కాకపోయినా. వరండాలో కూర్చుంటే వినడానికి బాగానే ఉంటుంది, వ్యాసాల్లోకి తేకండి.

సూపర్ హీరోకు తెలుగు మాట అడిగారు. 'అతిమానవుడు' అంటే వాళ్లలో సగంమంది మానవులే కారు. 'మహావీరుడు' అంటే వర్ధమానుడు గుర్తొస్తాడు. సూపర్ హీరో అనే రాయండి, మన సినిమాల పుణ్యమా అని 'హీరో' ఎప్పుడో మహత్తైపోయింది. చిక్కల్లా వండర్ వుమన్‌తోనే. స్త్రీనీ పశువునీ జడాన్నీ ఒకే గాటన కట్టిన మన ఏకవచనం వల్ల, 'వచ్చింది' అంటే ఆవిడా, నడుముకు వేలాడే ఆవిడ తాడూ ఒకే క్రియ పంచుకోవాలి. 'వచ్చారు' అనండి. 1941లో పుట్టింది, వయసులో పెద్దావిడే కదా.